పలాస చుక్కలు ఆర్మూరులో తేలాయి

సర్వే చేసి తెచ్చిన పాయింట్లు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కనిపించకపోతే ఎక్కడ వెతకాలి? ఎలా వెతకాలి?

మే నెల ఎండ. పలాస పక్కన జీడితోటల మధ్యగా వెళ్లే ఒక రోడ్డును వెడల్పు చేయాలి అనుకుందాం. సర్వే బృందం మూడు రోజులు తిరిగింది. ఒకరు ఉపగ్రహాల సాయంతో చోటు కొలిచే రోవర్ కర్రను రోడ్డు అంచున నిలబెట్టి, దాని మీది బుడగ సరిగ్గా మధ్యలోకి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి పట్టుకున్నారు. ఇంకొకరు కంట్రోలర్‌లో 'రోడ్డు అంచు', 'కల్వర్టు', 'కరెంటు స్తంభం', 'పాత బావి' అని నమోదు చేసుకుంటూ పోయారు. మొత్తం 1,248 పాయింట్లు. ఫైలు ఆఫీసుకు చేరింది. డిజైనర్ దాన్ని సివిల్ 3డీ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకున్నారు. తప్పు జరిగిందని హెచ్చరిక ఏదీ రాలేదు. తెర మీద మాత్రం ఒక్క చుక్క లేదు.

ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని అదే ఫైలును మళ్లీ తేవడం. అప్పుడూ రాకపోతే ఇంకోసారి. చివరికి సర్వే బృందానికి ఫోన్ వెళ్తుంది: "మీ డేటాలో ఏదో తేడా ఉంది, మళ్లీ వెళ్లి కొట్టుకు రండి." ఆ ఒక్క మాటతో ఇంకో మూడు రోజుల ఎండ వాళ్ల నెత్తిన పడుతుంది. నిజానికి ఇలా 'మాయమైన' పాయింట్లలో ఎక్కువ భాగం ఎక్కడికీ పోవు. సాఫ్ట్‌వేర్ తనకు ఇచ్చిన అంకెలను తనకు చెప్పిన పద్ధతిలోనే చదివి, ఆ ప్రకారం ఎక్కడో పెట్టి ఉంటుంది. ఆ ఎక్కడో ఎక్కడన్నది కనిపెట్టడానికి ఒక క్రమం ఉంది. ఆ క్రమం తెలిస్తే గంటల పని నిమిషాల్లో తేలుతుంది.

పెళ్లికి పిలిచిన చుట్టం

పెళ్లిలో మనం పిలిచిన చుట్టం కనిపించలేదు. కారణాలు మూడే. ఆయన అసలు బయల్దేరలేదు. లేదా బయల్దేరాడు గానీ అదే పేరున్న ఇంకో కల్యాణ మండపానికి వెళ్లాడు. లేదా ఈ మండపంలోనే, ఏ స్తంభం వెనకో కూర్చున్నాడు. మూడింటికీ మన కంటికి కనిపించే లక్షణం ఒకటే: మనిషి లేడు. మందు మాత్రం వేరు వేరు. బయల్దేరని మనిషి కోసం మండపమంతా గాలించడం దండగ. స్తంభం వెనక ఉన్నవాడి కోసం ఊరికి కారు పంపడం అంతకంటే దండగ.

సర్వే పాయింట్లకూ ఇవే మూడు ప్రశ్నలు వేయాలి. లోపలికి వచ్చాయా? వస్తే ఏ చోటికి వెళ్లాయి? చోటు సరైనదే అయితే ఎందుకు కనిపించడం లేదు? ఈ వరుసలోనే అడగాలి. మొదటిదానికి జవాబు తెలియకుండా మూడోదాన్ని పట్టుకుని లేయర్లన్నీ ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చోవడం వల్లే పూట గడిచిపోతుంది.

చుక్క అంటే ఒక వరుస

తెర మీద మనం చుక్కగా చూసేది ఫైలులో చుక్కగా ఉండదు. అది ఒక వరుస రాత. మొదట పాయింటు నంబరు, తర్వాత నార్తింగ్, ఈస్టింగ్, ఎత్తు, చివర వివరణ. నార్తింగ్ అంటే ఒక మూలబిందువు నుంచి ఉత్తరంగా ఎంత దూరం, ఈస్టింగ్ అంటే తూర్పుగా ఎంత దూరం. మధ్యలో కామాలు. అంతే.

ఆ వరుసలో ఏమేం లేవో చూడండి. ఈ అంకెలు మీటర్లా, అడుగులా? రాయలేదు. మొదటి అంకె నార్తింగా, ఈస్టింగా? రాయలేదు. ఏ మూలబిందువు నుంచి కొలిచారు? ఎత్తు సముద్ర మట్టం నుంచా, ఇంకెక్కడి నుంచైనానా? రాయలేదు. పొలంలో ఉన్నవాళ్లకు అవన్నీ తెలుసు, అందుకే రాయలేదు. ఆఫీసులో ఉన్నవాళ్లు తమకు అలవాటైనదే అయి ఉంటుందనుకుంటారు, అందుకే అడగలేదు. మాయమైన పాయింట్ల కథ చాలాసార్లు ఈ రెండు మౌనాల మధ్యే మొదలవుతుంది.

మొదటి ప్రశ్న: లోపలికి వచ్చాయా?

దీనికి తెర చూడనక్కర్లేదు, లెక్క చూస్తే చాలు. సివిల్ 3డీలో ప్రాస్పెక్టర్ అనే పట్టీ ఉంటుంది. అందులో పాయింట్ల మీద నొక్కితే కింద పూర్తి జాబితా వస్తుంది. 1,248 పంపితే 1,248 ఉన్నాయా? ఉంటే ఈ ప్రశ్న ముగిసింది, రెండోదానికి వెళ్లాలి. ఒక్కటీ లేకపోతే సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును అర్థం చేసుకోలేదు. కామాలతో విడదీసిన ఫైలును ఖాళీలతో విడదీసినదిగా చదవమంటే వరుస మొత్తం ఒకే ముద్దగా కనిపిస్తుంది. నంబరెక్కడో, దూరమెక్కడో దానికి తెలియదు.

కొన్ని వచ్చి కొన్ని రాకపోతే రెండు అనుమానాలు. ఒకటి వివరణలో దూరిన కామా. 'చెట్టు, వేప' అని రాస్తే సాఫ్ట్‌వేర్ కంటికి అది రెండు గడులు. రెండోది ఒకే నంబరు రెండుసార్లు రావడం. రెండు బృందాలు చెరో వైపు నుంచి మొదలుపెట్టి, ఇద్దరూ 1 నుంచే లెక్క ప్రారంభిస్తే, రెండో ఫైలు తెచ్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆగి అడుగుతుంది: ఈ నంబర్లు ఇప్పటికే ఉన్నాయి, ఏం చేయను? తొందరలో పాతవాటి మీద రాసేయమని చెబితే మొదటి బృందం కష్టం ఆ డ్రాయింగులోంచి నిజంగానే పోతుంది. ఈ వ్యాసంలో చెప్పుకునే కారణాల్లో పాయింట్లు నిజంగా చెరిగిపోయేది ఇక్కడే. అందుకే పొలం నుంచి వచ్చిన అసలు ఫైలును ముట్టుకోకుండా పక్కన దాచిపెట్టాలి.

ఎక్సెల్‌తోనూ జాగ్రత్త. ఫైలును ఒకసారి అందులో తెరిచి భద్రపరిస్తే '3-5' అని రాసుకున్న వివరణ మార్చి 5వ తేదీనో మే 3వ తేదీనో అయిపోవచ్చు. దశాంశాలు తెగిపోవచ్చు. చూడాలనుకుంటే నోట్‌ప్యాడ్‌లో చూడటం మేలు. అది దేన్నీ తనంతట తాను మార్చదు.

రెండో ప్రశ్న: ఎక్కడికి వెళ్లాయి?

లెక్క సరిపోయింది, తెర ఖాళీగా ఉంది. ఇప్పుడు చేయాల్సిన పని ఒక్కటే. డ్రాయింగులో ఉన్న సమస్తం తెరలో పట్టేలా వెనక్కి జరగాలి. దీన్నే జూమ్ ఎక్స్‌టెంట్స్ అంటారు. ఇలా చేయగానే చాలాసార్లు ఒక వింత దృశ్యం కనిపిస్తుంది. ఒక మూల రోడ్డు పాత డ్రాయింగు ఆవగింజలా, ఇంకో మూల మన పాయింట్లన్నీ కలిసి ఇంకో ఆవగింజలా ఉంటాయి. మధ్యంతా శూన్యం.

ఇది చూసి దిగులు పడనక్కర్లేదు. ఆ రెండు గింజల మధ్య దూరమే జబ్బు పేరు చెబుతుంది.

మొదట తారుమారు సంగతి. బడిలో గ్రాఫు గీసేటప్పుడు ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా కొలవడం నేర్పారు. అంటే తూర్పు ముందు, ఉత్తరం తర్వాత. సర్వేయర్ల సంప్రదాయం వేరు. దిక్సూచి ఉత్తరాన్ని చూపిస్తుంది, కోణాలను ఉత్తరం నుంచే కొలుస్తారు, కాబట్టి చాలాచోట్ల ఉత్తరాన్ని ముందు రాస్తారు. సాఫ్ట్‌వేర్‌లో రెండు పద్ధతులకూ వేర్వేరు ఫార్మాట్లు ఉంటాయి. వాటి పేర్లలో తేడా రెండక్షరాల స్థానమే. విజయవాడలో ఒక చోటు ఈస్టింగ్ సుమారు 4.6 లక్షల మీటర్లు, నార్తింగ్ సుమారు 18.2 లక్షల మీటర్లు. ఈ రెండూ తారుమారైతే కృష్ణ ఒడ్డున ఉండాల్సిన పాయింటు దాదాపు 1,900 కిలోమీటర్లు జరిగి, సుమత్రా దీవికి పడమటి వైపున హిందూ మహాసముద్రంలో తేలుతుంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఇంకో ఆనవాలు దొరుకుతుంది. బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. ఎడమకు తిరగాల్సిన రోడ్డు కుడికి తిరుగుతుంది.

ఇక జోన్ సంగతి. పలాస కథ ఇక్కడే తేలుతుంది.

భూమి గుండ్రం, కాగితం చదును. బత్తాయి తొక్కను చినగకుండా బల్ల మీద పరచలేం. కానీ తొనలు తొనలుగా విడదీస్తే ఒక్కో తొన తొక్కను దాదాపు చదునుగా పరచవచ్చు. యూటీఎం అనే పద్ధతి చేసేది ఇదే. భూగోళాన్ని ఒక్కొక్కటి 6 డిగ్రీల వెడల్పున్న 60 తొనలుగా, అంటే జోన్లుగా కోసి, ఒక్కోదానికీ ఒక నంబరు ఇచ్చింది. ప్రతి తొనకూ మధ్యగీత ఈస్టింగ్ 5 లక్షల మీటర్లే. మైనస్ అంకెలు రాకుండా చేసిన ఏర్పాటు ఇది. దీని పర్యవసానం ఏమిటంటే, ఒకే అంకెల జత 60 తొనల్లోనూ ఉంటుంది. ప్రతి వీధిలోనూ 12వ నంబరు ఇల్లు ఉన్నట్టే. వీధి పేరు చెప్పకుండా ఇంటి నంబరొక్కటే చెబితే పోస్ట్‌మన్ ఏం చేస్తాడు? తనకు తెలిసిన వీధిలో ఆ నంబరు తలుపు కొడతాడు.

తెలుగు నేలకు ఇందులో ఒక ప్రత్యేకత ఉంది. ఆంధ్రప్రదేశ్ మూడు తొనల్లో పడింది. అనంతపురం 43లో, విజయవాడ, విశాఖపట్నం 44లో, పలాస, ఇచ్ఛాపురం 45లో ఉన్నాయి. తెలంగాణలో హైదరాబాద్ 44 అయితే, జహీరాబాద్, తాండూరు, నారాయణపేట 43. రెండు రాష్ట్రాల్లోనూ ఎక్కువ ప్రాంతం 44 కాబట్టి ఆఫీసు టెంప్లేటులో ఆ నంబరే స్థిరపడి ఉండే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు మన రోడ్డు చూడండి. పొలంలో రోవర్‌ను సరిగ్గానే 45కు పెట్టారు. పాత డ్రాయింగు, కంప్యూటర్ మాత్రం 44లో ఉన్నాయి. అంకెలన్నీ నిజాలే. వాటిని 44వ తొనలో చదివేసరికి సరిగ్గా 6 డిగ్రీల రేఖాంశం పడమటికి జరిగాయి. పలాస జీడితోటల పక్క రోడ్డు నిజామాబాద్ జిల్లాలో, ఆర్మూరు పసుపు చేల పరిసరాల్లో తేలింది. దూరం సుమారు 630 కిలోమీటర్లు. అనంతపురంలో ఇదే పొరపాటు జరిగితే పాయింట్లు తూర్పుకు జరిగి బంగాళాఖాతంలో పడతాయి.

మూడోది డిగ్రీల సంగతి. కొన్నిసార్లు రోవర్ నుంచి మీటర్లకు బదులు అక్షాంశ రేఖాంశాలు వస్తాయి: 18.77, 84.42 ఇలా. సాఫ్ట్‌వేర్ వాటినీ మీటర్లుగానే చదువుతుంది. రెండు కిలోమీటర్ల రోడ్డు పొడవునా అక్షాంశ రేఖాంశాలు మారేది డిగ్రీలో వందింట ఒకటి రెండు వంతులే. కాబట్టి రోడ్డు మొత్తం మూలబిందువుకు ఓ 86 మీటర్ల దూరంలో, రెండు సెంటీమీటర్ల ముక్కగా కుదించుకుపోతుంది. 1,248 పాయింట్లూ ఒకదాని మీద ఒకటి పేరుకుని ఒకే చుక్కగా కనిపిస్తాయి.

---

దూరమే ఆచూకీ

*మూలబిందువు దగ్గర, అన్నీ ఒకే చుక్కగా:* డిగ్రీలను మీటర్లుగా చదివారు.

*మూలబిందువుకు దగ్గరలోనే, కానీ ఆకారం, కొలతలు సరిగ్గా:* పొలంలో 1000, 1000 లాంటి ఊహా విలువలతో మొదలుపెట్టారు. ముందే విలువలు స్థిరపరచిన నియంత్రణ బిందువులతో ఇంకా కలపలేదు.

*మూలబిందువు నుంచి అదే దిశలో, 3.28 రెట్లు దగ్గరగా లేదా దూరంగా, బొమ్మ సైజు కూడా అదే నిష్పత్తిలో:* మీటర్లు, అడుగులు కలిసిపోయాయి.

*తూర్పుకో పడమటికో సుమారు 630 నుంచి 650 కిలోమీటర్లు:* మన ప్రాంతంలో అయితే పక్క జోన్.

*వెయ్యి కిలోమీటర్ల పైన, బొమ్మ అద్దంలోలా:* ఈస్టింగ్, నార్తింగ్ తారుమారు.

*వంద మీటర్ల పైచిలుకు, ఆకారం సరిగ్గానే:* భూమి ఆకారానికి వాడే రెండు కొలమానాలు, పాత ఎవరెస్ట్, ఇప్పటి డబ్ల్యూజీఎస్ 84, కలిసిపోయాయి.

---

మూడో ప్రశ్న: అక్కడే ఉండి ఎందుకు కనిపించడం లేదు?

లెక్క సరే, చోటూ సరే. జాబితాలో ఒక పాయింటును ఎంచుకుని దాని దగ్గరికి తీసుకెళ్లమంటే సాఫ్ట్‌వేర్ సరైన చోటికే తీసుకెళ్లింది. అక్కడ ఏమీ లేదు. ఇప్పుడు చుట్టం స్తంభం వెనక ఉన్నాడన్నమాట.

డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో డేటా వేరు, దాని రూపం వేరు. నాటకంలో పాత్ర ఒకటి, వేషం ఒకటి అయినట్టు. పాయింటు ఏ గుర్తుతో కనిపించాలి, పక్కన నంబరు రాయాలా, ఎత్తు రాయాలా అన్నది 'స్టైల్' చెబుతుంది. ఆ స్టైల్ దగ్గర 'ఏదీ వద్దు' అని ఉంటే పాయింటు ఉంటుంది, వేషం ఉండదు.

సివిల్ 3డీలో పాయింట్లను గుంపులుగా విడదీస్తారు. రోడ్డు అంచులు ఒక గుంపు, చెట్లు ఒక గుంపు. ఒకే పాయింటు రెండు మూడు గుంపుల్లో ఉండవచ్చు. అప్పుడు ఎవరి మాట చెల్లుతుంది? జాబితాలో పైన ఉన్న గుంపుది. డిజైనర్లు తెర మరీ గజిబిజి అయినప్పుడు అన్నింటినీ దాచే ఒక గుంపు చేసి పైన పెడతారు. పని అయ్యాక కిందికి దించడం మర్చిపోతే, ఆ తర్వాత ఎన్ని కొత్త పాయింట్లు తెచ్చినా ఆ గుంపు వాటి మీద దుప్పటి కప్పేస్తుంది. జాబితా వరుస మార్చగానే అన్నీ ఒక్కసారిగా ప్రత్యక్షమవుతాయి.

తర్వాత లేయర్లు. పారదర్శకమైన కాగితాలను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు డ్రాయింగు పొరలుగా ఉంటుంది. పాయింటు ఉన్న పొరను ఆర్పేసినా, స్తంభింపజేసినా కనిపించదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. పాయింటుకు ఒక పొర, దాని గుర్తుకూ అక్షరాలకూ వేరే పొరలు ఉండవచ్చు. గుర్తు పొర వెలుగుతున్నా పాయింటు సొంత పొర స్తంభించి ఉంటే ఏదీ కనిపించదు. ఇంటికి మెయిన్ ఆఫ్ చేసి గదిలో స్విచ్చు నొక్కినట్టే. ఇవి కాక, కొన్ని వస్తువులను మాత్రమే చూపించి మిగతావి దాచే సదుపాయం ఇంకొకటి ఉంది. దానికి లేయర్లతో సంబంధం లేదు. లేయర్లన్నీ సరిగ్గా ఉండి కూడా ఏదీ కనిపించకపోతే దాన్ని తొలగించి చూడాలి.

కనిపించే తప్పు మరింత ప్రమాదం

ఇంతవరకూ చెప్పినవన్నీ ఒక విధంగా మంచి జబ్బులు. తెర ఖాళీగా ఉంటే ఎవరైనా ఆగి వెతుకుతారు. 630 కిలోమీటర్ల అవతల ఎవరూ రోడ్డు వేయరు. భయపడాల్సింది పాయింట్లు చక్కగా కనిపిస్తూ, కొద్దిగా తప్పు చోట ఉన్నప్పుడు.

అమెరికాలో చాలా కాలం రెండు అడుగులు వాడుకలో ఉన్నాయి. ఒకటి సరిగ్గా 0.3048 మీటర్లు. సర్వే అడుగు అనే రెండోది అంతకంటే పది లక్షల్లో రెండు వంతులు మాత్రమే పెద్దది. స్కేలు మీద ఆ తేడా ఎవరికీ కనిపించదు. కానీ అక్కడి కొలతల అంకెలు లక్షల అడుగుల్లో ఉంటాయి. 20 లక్షల అడుగుల దగ్గర తేడా 4 అడుగులు. వంతెన స్తంభం 4 అడుగులు జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. 2022తో సర్వే అడుగుకు అధికారికంగా వీడ్కోలు పలికినా పాత డ్రాయింగుల్లో అది బతికే ఉంది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా రోడ్లకు డిజైన్లు చేసే మన ఇంజినీర్లకు ఇది రోజువారీ జాగ్రత్త.

ఎత్తుల విషయం ఇంకా సున్నితం. ఉపగ్రహాల సాయంతో రోవర్ కొలిచే ఎత్తు, భూమికి గణితం ఇచ్చిన నున్నటి గుడ్డు ఆకారం నుంచి లెక్కించేది. మనకు కావాల్సింది సముద్ర మట్టం నుంచి ఎత్తు, ఎందుకంటే నీళ్లు పారేది దాన్ని బట్టే. ఈ రెండింటికీ తేడా ప్రపంచంలోకెల్లా అతి ఎక్కువ లోతుకు పోయిన చోటు శ్రీలంకకు దక్షిణాన ఉంది. అక్కడ సముద్ర మట్టం ఆ నున్నటి ఆకారానికి సుమారు 106 మీటర్లు కిందుంటుంది. దాని ప్రభావం మన దాకా ఉంది. అందుకే సవరణ వేయని రోవర్‌తో మన తీరంలో నిలబడితే ఎత్తు పదుల మీటర్ల మైనస్‌లో చూపిస్తుంది. మన దేశపు ఎత్తులకు చాలా కాలం 1909లో స్థిరపరచిన మట్టమే ఆధారం. దానికోసం సముద్రం ఆటుపోట్లను కొలిచిన తొమ్మిది రేవుల్లో విశాఖపట్నం ఒకటి. ఊళ్లో రాతి మీద చెక్కిన బెంచ్ మార్క్ ఎత్తు వెనక ఆ మట్టం ఉంది. ఒక ఫైలులో రోవర్ ఎత్తులు, ఇంకో ఫైలులో బెంచ్ మార్క్ ఎత్తులు కలిస్తే, చదును నేల మధ్యలో తెర మీద కొండలూ అగాధాలూ పుట్టుకొస్తాయి.

తేడా పదుల మీటర్లయితే కంటికి కనిపిస్తుంది. సెంటీమీటర్లయితే కట్టేదాకా కనిపించదు. జర్మనీ, స్విట్జర్లాండ్ మధ్య రైన్ నది మీద లౌఫెన్‌బర్గ్ దగ్గర వంతెన కడుతుండగా 2003లో ఇదే బయటపడింది. జర్మనీ ఎత్తులకు ఉత్తర సముద్రం ఆధారం, స్విట్జర్లాండ్‌కు మధ్యధరా సముద్రం. రెండు మట్టాలకూ 27 సెంటీమీటర్ల తేడా ఉందని ఇంజినీర్లకు ముందే తెలుసు. లెక్కలో వేశారు కూడా. కానీ ప్లస్, మైనస్ గుర్తు తారుమారైంది. తేడా పోవడానికి బదులు రెట్టింపై 54 సెంటీమీటర్లకు చేరింది. ఒక ఒడ్డున కట్టినదాన్ని సరిచేయాల్సి వచ్చింది.

---

ఫైలుతో పాటు వెళ్లాల్సిన ఐదు మాటలు

1. వరుస క్రమం: ఉత్తరం ముందా, తూర్పు ముందా.
2. కొలత: మీటర్లా, ఏ రకం అడుగులా.
3. చోటు: ఏ పద్ధతి, ఏ జోన్, లేదా ఊహా విలువలతో మొదలుపెట్టిన సర్వేనా.
4. ఎత్తు: ఏ బెంచ్ మార్క్ నుంచి తెచ్చారు, రోవర్ ఎత్తులకు సవరణ వేశారా.
5. లెక్క: మొత్తం ఎన్ని పాయింట్లు, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా.

---

తొందరపడి జరపకండి

చివరిగా ఒక విన్నపం. పాయింట్లు దూరంగా తేలినప్పుడు వాటిని మౌస్‌తో పట్టుకుని లాక్కొచ్చి, కంటికి సరిపోయే చోట పెట్టాలనే కోరిక కలుగుతుంది. ఆ పని చేయకూడదు. పక్క తొనలో ఉత్తరం చూపే గీత కొంచెం వేరే వైపు ఒరిగి ఉంటుంది, కొలతల్లోనూ సూక్ష్మమైన తేడా ఉంటుంది. లాక్కొచ్చి పెట్టిన రోడ్డు ఒక కొసన సరిపోయినా ఇంకో కొసన తప్పుతుంది. పైగా ఎంత జరిపారన్నది ఎక్కడా రాసి ఉండదు. తప్పు అలాగే ఉంటుంది, దాని ఆనవాలు మాత్రం చెరిగిపోతుంది. తెచ్చినవాటిని తీసేసి, కారణం సరిదిద్ది, అసలు ఫైలు నుంచే మళ్లీ తెచ్చుకోవాలి. ఆ తర్వాత సర్వే బృందం ముందే స్థిరపరచిన రెండు మూడు నియంత్రణ బిందువుల విలువలతో పోల్చి చూడాలి.

మన పలాస డిజైనర్ అదే చేశారనుకుందాం. ప్రాస్పెక్టర్‌లో 1,248 లెక్క సరిపోయింది. వెనక్కి జరిగి చూస్తే రెండు ఆవగింజల మధ్య సుమారు 630 కిలోమీటర్లు. సర్వేయర్‌కు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగారు: "అన్నా, ఏ జోన్‌లో కొట్టారు?" అవతలి నుంచి "నలభై ఐదు" అని జవాబు. ఫైలు 45లో ఉందని, దాన్ని 44లోకి మార్చి తెమ్మని సాఫ్ట్‌వేర్‌కు చెప్పారు. పాయింట్లు పాత రోడ్డు గీత వెంట బారులు తీరి నిలబడ్డాయి. కల్వర్టు పక్కన పాయింటు మీద చిన్న అక్షరాలతో 'పాత బావి' అని ఉంది. రోడ్డు ఆ వైపు వెడల్పు చేస్తే బావి పోతుంది. డిజైనర్ గీతను ఎదుటి వైపుకు జరిపారు.

ఎండలో ఎవరో ఆగి, ఆ బావి గట్టు మీద కర్ర నిలబెట్టి, ఆ రెండు మాటలు రాసుకున్నారు కాబట్టే అది సాధ్యమైంది.